వాడేసిన హెచ్‌డీవీ టేపు క్యామ్‌కార్డర్ కొనేముందు ఏం చూడాలి? హెచ్‌వీ20, హెచ్‌సీ3, ఎఫ్‌ఎక్స్1లో ఏది?

కాలవగట్టు (పాలకొల్లు)

అందరికీ నమస్కారమండి. మూడు సెకండ్‌హ్యాండ్ టేపు క్యామ్‌కార్డర్లు అమ్మకానికి ఉన్నాయి, మూడూ హెచ్‌డీవీయే (మినీ డీవీ క్యాసెట్ మీదే హెచ్‌డీ బొమ్మ రాసే రకం). అమెరికా నుంచి తెచ్చిన కానన్ హెచ్‌వీ20, గల్ఫ్ నుంచి తెచ్చిన సోనీ హెచ్‌డీఆర్-హెచ్‌సీ3ఈ, పెళ్లి వీడియోలకు వాడి పక్కన పెట్టిన సోనీ హెచ్‌డీఆర్-ఎఫ్‌ఎక్స్1ఈ. వీటిలో ఒక్కటే తీసుకోవాలి.

దాంతో రెండు పనులున్నాయి. ఒకటి, 43 మినీ డీవీ క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించాలి. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, 2003 గోదావరి పుష్కరాలు అన్నీ వాటిలోనే ఉన్నాయి. రెండు, వచ్చే కనుమకి కోనసీమ జగ్గన్నతోట ప్రభల తీర్థం (రంగు గుడ్డలతో అలంకరించిన ఎత్తైన ప్రభలని తోటకి తెచ్చే జాతర) టేపు మీదే తీయాలి. దేని బొమ్మ బాగుంటుంది? కొనేముందు ఏమేం చూసుకోవాలి?

డ్రమ్ముహెడ్ (రాజమహేంద్రవరం)

కాలవగట్టు గారూ, బొమ్మ సంగతి చివర్లో చూద్దామండి. 43 టేపులు ఎక్కించాలంటే మీకు ముందు కావలసింది మంచి టేపు ప్లేయరు. కెమెరా ఆ తర్వాత. ఈ కాలంలో హెచ్‌డీవీ క్యామ్‌కార్డర్‌ని ఆ వరసలోనే బేరీజు వేయాలి. లెన్సు ఎంత గొప్పదైనా డ్రమ్ము (టేపుని చదివే హెడ్లు ఉన్న, గిరగిర తిరిగే భాగం) అరిగితే పనికిరాదు.

మూడు విషయాలు చెప్పండి. టేపులు పాల్ (మన దేశం, గల్ఫ్‌ల వీడియో పద్ధతి) కెమెరాలతో తీసినవా, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) కెమెరాలతోనా? వాటిలో ఎన్ని డీవీ, ఎన్ని హెచ్‌డీవీ? ఏ క్యాసెట్ మీదైనా ఎల్‌పీ (టేపుని నెమ్మదిగా నడిపి ఎక్కువసేపు తీసే పద్ధతి) అని గానీ డీవీక్యామ్ (స్టూడియోల కోసం సోనీ చేసిన డీవీ రకం) అని గానీ రాసుందా?

కాలవగట్టు

అన్నీ మన దగ్గరో గల్ఫ్‌లోనో కొన్న కెమెరాలతో తీసినవేనండి, కాబట్టి పాల్. 31 డీవీ. 6 హెచ్‌డీవీ. మిగతా 6 క్యాసెట్ల మీద డీవీక్యామ్ అని పెన్నుతో రాసుంది, అవి పెళ్లి స్టూడియో వాళ్లు తీసినవి. ఎల్‌పీ సంగతి తెలీదు.

డ్రమ్ముహెడ్

అయితే హెచ్‌వీ20ని పక్కన పెట్టండి. చెడ్డ కెమెరా అని కాదు. అమెరికా యంత్రం ఎన్‌టీఎస్‌సీ టేపులే ఆడిస్తుంది, మీ పాల్ టేపులు అందులో ఆడవు. కొనేముందు కెమెరా ఏ రకమో తేల్చుకోవాలి. సోనీలో మోడల్ నంబరు చివర ‘ఈ’ ఉంటే పాల్. కానన్ హెచ్‌వీ20లో రికార్డింగ్ మెనూ తెరవండి. పీఎఫ్25 కనపడితే పాల్, పీఎఫ్24 కనపడితే ఎన్‌టీఎస్‌సీ. అమ్మేవాళ్ల మాట మీద పోకండి, మెనూ చూడండి.

డీవీక్యామ్ టేపులు వేరు. టేపు వేగం ఎక్కువ కాబట్టి 60 నిమిషాల క్యాసెట్‌లో 40 నిమిషాలే పడుతుంది. స్టూడియో వాళ్లు తీసినవంటే బహుశా సోనీ పీడీ170తో తీసుంటారు, మన పక్క పెళ్లిళ్లలో ఎక్కువగా వాడింది అదే. ఆ ఆరు టేపులకి పీడీ170 గానీ హెచ్‌వీఆర్-జెడ్1 గానీ ఉన్న స్టూడియోలో రెండ్రోజులు అద్దెకి అడగండి. వాటికోసం కెమెరా కొనక్కర్లేదు.

కొబ్బరాకు (అమలాపురం)

హెచ్‌వీ20ని తీసేయడం సరైనదే గానీ, పట్టపగలు బొమ్మ విషయంలో మూడింటిలో అదే పదునైనదని రాసి ఉంచాలండి. పాల్ హెచ్‌వీ20 గానీ 2008లో వచ్చిన హెచ్‌వీ30 గానీ దొరికితే చదివేవాళ్లు వదులుకోకూడదు.

హెచ్‌డీవీ 1080ఐ టేపు మీద రాసేది 1440×1080 చుక్కలు. ఆడించేటప్పుడు అడ్డంగా సాగదీసి 1920 చేస్తారు. హెచ్‌వీ20 సెన్సారు ఒకటే, 1/2.7 అంగుళాల సీమాస్, కానీ పూర్తి 1920×1080 చదువుతుంది. పైగా స్టెబిలైజర్ ఆప్టికల్. ఎఫ్‌ఎక్స్1 2004 నాటి యంత్రం. మూడు సీసీడీ సెన్సార్లు, ఒక్కొక్కటీ 1/3 అంగుళం. అడ్డంగా 960 చుక్కలే ఉన్న సీసీడీలని కాస్త పక్కకి జరిపి అమర్చి వివరం రాబట్టారు. అందుకే ఎండలో దూరపు తాటాకుల అంచులు హెచ్‌వీ20లో తేటగా కనపడతాయి. చీకటి పడ్డాక మాత్రం ఎఫ్‌ఎక్స్1దే పైచేయి. రంగులు నిలకడగా ఉంటాయి, రింగులు చేత్తో తిప్పుకోవచ్చు, లెన్సు 35 ఎంఎం ఫొటో కెమెరా లెక్కలో 32.5 నుంచి 390 మిల్లీమీటర్ల దాకా, ఎఫ్1.6 దగ్గర మొదలు.

హెచ్‌సీ3 ఈ రెండింటికీ కింద మెట్టు. మైకు సాకెట్ లేదు, స్టెబిలైజర్ ఎలక్ట్రానిక్, అన్నిటికీ టచ్ స్క్రీన్‌లో వెతుక్కోవాలి. ప్రభల దగ్గర డప్పులూ సన్నాయీ రికార్డు చేయాల్సినవాళ్లకి ఆ మైకు లేకపోవడమే పెద్ద లోటు.

కొత్తపడవ (రావులపాలెం)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. హెచ్‌సీ3కి యూఎస్‌బీ సాకెట్ ఉంది కదండి. మామూలు యూఎస్‌బీ కేబుల్‌తో టేపులు ఎక్కించుకోవచ్చుగా?

ఫైర్‌వైర్_భీమవరం

లేదు తమ్ముడూ. ఈ తరం హెచ్‌డీవీ హ్యాండీక్యామ్‌లలో యూఎస్‌బీ ఉన్నది మెమరీ కార్డులోని ఫొటోలకి. టేపు మీది హెచ్‌డీవీ బయటకి రావాల్సింది ఫైర్‌వైర్ సాకెట్ నుంచే. సోనీ దాన్నే ఐలింక్ అంటుంది. కెమెరా వైపు 4 పిన్నుల చిన్న సాకెట్ ఉంటుంది.

ఇంకో మాట. ఒక కొసన ఫైర్‌వైర్, ఇంకో కొసన యూఎస్‌బీ ఉన్న చవక కేబుళ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అవి కొనకండి. లోపల ఏ సర్క్యూటూ లేదు, వైర్లు కలిపారంతే. రెండు పద్ధతులూ వేరు కాబట్టి వాటితో బొమ్మ రాదు, సాకెట్ పాడయ్యే ప్రమాదం అదనం.

డ్రమ్ముహెడ్

ఇప్పుడు అసలు పరీక్ష. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు.

వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సినవి: కొత్త క్యాసెట్ ఒకటి, వేరే కెమెరాతో తీసిన హెచ్‌డీవీ క్యాసెట్ ఒకటి, వేరే కెమెరాతో తీసిన డీవీ ఎస్‌పీ (మామూలు వేగం) క్యాసెట్ ఒకటి, టార్చి లైటు, హెడ్‌ఫోన్లు, ఫైర్‌వైర్ ఉన్న ల్యాప్‌టాప్, కేబులు. మీ 43లో విలువైనవాటిని పరీక్షకి వాడకండి, పోయినా బాధలేని రెండు తీయండి.

క్యాసెట్ తలుపు తెరవగానే లోపలి గూడు దానంతటదే పైకి లేచి పూర్తిగా ఆగాలి. క్యాసెట్ పెట్టాక ‘పుష్’ అని రాసి ఉన్నచోట మాత్రమే నొక్కాలి. గూడు లోపలికి దిగి ఆగేదాకా బయటి మూత వేయకూడదు. ఇవి తెలియక మూత తోసేసిన కెమెరాల్లో గూడు ఒంకరపోతుంది, తర్వాత టేపు నలుగుతుంది. గూడు తటపటాయించినా, రెండుమూడుసార్లు ఎక్కి దిగినా అక్కడే ఆపేయండి.

తర్వాత కొత్త టేపు మీద హెచ్‌డీవీలో పది నిమిషాలు రికార్డు చేయండి. తెల్లగోడ తీస్తే ఏమీ తెలీదు. గాలికి ఊగే కొబ్బరాకులు, ఎండ పడి మెరిసే కాలవ నీళ్లు తీయండి. హెచ్‌డీవీ ఎంపెగ్-2 పద్ధతిలో కుదిస్తుంది, వేగం సెకనుకి 25 మెగాబిట్లు. ఆకూ అలా ఒకేసారి కదిలితే ఆ 25 చాలక బొమ్మ గళ్లుగళ్లు అవుతుంది. అది ఫార్మాట్ పరిమితి, కెమెరా జబ్బు కాదు. ఆ తేడా కళ్లకి అలవాటు కావాలి. ఫార్మాట్ వల్ల వచ్చే గళ్లు కదలిక ఉన్నచోటే వచ్చి కదలిక ఆగగానే పోతాయి. హెడ్ వల్ల వచ్చేది కదలికతో పనిలేకుండా వస్తుంది. డీవీలో అయితే పలకల్లా ముక్కలు పడతాయి. హెచ్‌డీవీలో అయితే బొమ్మ మొత్తం దాదాపు అర సెకను గడ్డకట్టి, శబ్దం కూడా తెగుతుంది. ఎందుకంటే డీవీలో ప్రతి ఫ్రేము దేనికదే. హెచ్‌డీవీలో 50ఐ (పాల్ రకం) అయితే 12 ఫ్రేములు ఒక కట్టగా ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి. కట్టలో మొదటి ఫ్రేము చెడితే కట్టంతా పోతుంది.

ఆ పది నిమిషాలూ అదే కెమెరాలో ఆడించి శుభ్రంగా ఉందని సంబరపడకండి. టేపుని నడిపించే గైడ్లు పక్కకి జరిగిన కెమెరా కూడా తను రాసినదాన్ని తను బాగానే చదువుతుంది. రాసేటప్పుడు ఎంత వంకరో చదివేటప్పుడూ అంతే వంకర కదా. ట్రాకు వెడల్పు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. అందుకే వేరే కెమెరా టేపు పెట్టి చూడాలి, ఈ కెమెరా రాసిన టేపు వేరే కెమెరాలో చూడాలి. ప్లేయరుగా కొనేటప్పుడు ఈ ఒక్క పరీక్షే సగం నిర్ణయం.

వేరే టేపుని మొదట్లో, మధ్యలో, చివర్లో ఐదేసి నిమిషాలు ఆడించండి. రెండు చక్రాల మీద టేపు బరువు మారేకొద్దీ బిగువు మారుతుంది. మొదట్లో బాగుండి చివర్లో ముక్కలైతే బిగువు చూసే భాగాలు అరిగాయని అర్థం. తర్వాత పూర్తిగా ముందుకీ వెనక్కీ తిప్పండి, కిచకిచ వినపడకూడదు. బయటకి తీసి క్యాసెట్ రెప్ప ఎత్తి టేపు అంచు టార్చి వెలుగులో చూడండి. అంచు మడత పడినా, అలలుగా కనపడినా ఆ కెమెరా వద్దు.

ఉప్పుగాలి (నరసాపురం)

డ్రమ్ముహెడ్ గారు చెప్పినదానికి మన తేమ కలపాలండి. సోనీలో కనపడే అంకెలు గుర్తు పెట్టుకోండి. సీ:21 అంటే లోపల చెమ్మ పట్టింది, క్యాసెట్ తీసి మూత తెరిచి సుమారు గంటసేపు వదిలేయాలి. సీ:22 అంటే హెడ్ మురికి, క్లీనింగ్ క్యాసెట్ వాడాలి. సీ:31, సీ:32 అంటే కరెంటు తీసి మళ్లీ పెట్టమని. పదేపదే వస్తుంటే మెకానిజం జబ్బు, కొనకండి. అమ్మేవాళ్లు సీ:22, సీ:32 రెండింటినీ ‘దుమ్ము పట్టిందంతే’ అంటారు. రెండూ ఒకటి కాదు.

ఏసీ గదిలో ఉన్న కెమెరాని తిన్నగా ఉక్కలోకి తెస్తే డ్రమ్ము మీద చెమ్మ దిగుతుంది. తడి డ్రమ్ముకి టేపు అతుక్కుని తెగుతుంది. బయటకి తెచ్చేముందు ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, కెమెరా బయటి వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి.

లెన్సులో ఫంగస్: టార్చిని లెన్సు ముందు ఏటవాలుగా పట్టి జూమ్ రెండు కొసలా చూడండి. సాలెగూడు పోగుల్లా కనపడితే ఫంగసే. సముద్రం పక్క ఊళ్లలో వాడిన కెమెరా అయితే బ్యాటరీ పిన్నులూ, మైకు సాకెట్ లోపలా పచ్చగా చిలుం పట్టిందేమో చూడండి.

బియ్యం డబ్బాలో కెమెరా దాచడం వద్దు. పొడి లోపలికి పోతుంది, పురుగు కూడా చేరుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, జెల్ రంగు మారినప్పుడల్లా ఎండబెట్టుకోండి.

కొత్తపడవ

క్లీనింగ్ క్యాసెట్ ఎంతసేపు ఆడించాలండి? ఇంకొకటి, మా దగ్గర కూడా అమెరికా హెచ్‌వీ20 ఒకటి ఇప్పటికే ఉంది. ట్యూబ్‌లైట్ కింద తీస్తే బొమ్మ మినుకుమినుకుమంటోంది. పాడైందా?

డ్రమ్ముహెడ్

క్లీనింగ్ క్యాసెట్ పొడి రకం, 10 సెకన్లు. ఆపి, మంచి టేపు పెట్టి చూడాలి. మూడు నాలుగుసార్లకి తగ్గకపోతే ఆపేయండి. అది గరుకు టేపు, ఎక్కువ తిప్పితే హెడ్డే అరుగుతుంది. ఆ క్యాసెట్‌ని రివైండ్ చేయకూడదు, ఒకసారి ముందుకి నడిచిన భాగం మురికిది. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలతో డ్రమ్ము తుడవొద్దు, దూది పోగు హెడ్ చిప్పుకి పట్టుకుంటే విరుగుతుంది.

కొబ్బరాకు

మినుకుమినుకుమనడం జబ్బు కాదు తమ్ముడూ. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబ్‌లైట్ సెకనుకి 100సార్లు వెలిగి తగ్గుతుంది. నీ కెమెరా సెకనుకి 60 ఫీల్డులు (సగం ఫ్రేములు) తీస్తుంది. షట్టర్ 1/60 ఉన్నప్పుడు ఒక్కో ఫీల్డుకి వెలుగు ఒక్కోలా అందుతుంది. టీవీ (షట్టర్ మనమే పెట్టుకునే) మోడ్‌కి వెళ్లి షట్టర్ 1/100 పెట్టు. అప్పుడు ప్రతి ఫీల్డుకీ సరిగ్గా ఒక వెలుగు చక్రం అందుతుంది. వెలుతురు కొంచెం తగ్గుతుంది, అది తప్పదు. ఎల్‌ఈడీ సీరియల్ సెట్లలో కొన్ని వాటి సొంత వేగంతో కొట్టుకుంటాయి, వాటికి ఈ మందు పనిచేయకపోవచ్చు.

ఆటోలో ఉన్నప్పుడు షట్టర్ ఎంత ఉందో హెచ్‌వీ20 తెర మీద చూపించదు. లోపల మెమరీ కార్డు పెట్టి ఫొటో మీట సగం నొక్కితే ఎఫ్ నంబరూ షట్టరూ కనపడతాయి.

హెడ్‌ఫోన్ సాకెట్టూ ఏవీ సాకెట్టూ దానికి ఒకటే. మెనూలో హెడ్‌ఫోన్ అని మార్చకపోతే చెవిలో బుర్రుమనే మోత వస్తుంది. అది చూసి సాకెట్ పోయిందనుకుంటారు.

కాలవగట్టు

పరీక్ష చేశానండి. ఫలితాలు ఇవి.

హెచ్‌సీ3ఈ: తను రాసిన టేపు శుభ్రం. వేరే హెచ్‌డీవీ టేపు పెడితే మూడు నాలుగు సెకన్లకోసారి బొమ్మ గడ్డకట్టింది. డీవీ టేపులో పైభాగాన అడ్డంగా ఒక పట్టీలో పలకలు, ఎప్పుడూ అదే చోట. క్లీనింగ్ క్యాసెట్ రెండుసార్లు ఆడించినా మార్పు లేదు.

ఎఫ్‌ఎక్స్1ఈ: మొదట సీ:22 వచ్చింది. క్లీనింగ్ క్యాసెట్ 10 సెకన్లు. తర్వాత రెండు టేపులూ మొదట్లో, మధ్యలో, చివర్లో శుభ్రంగా ఆడాయి. తను రాసిన టేపు హెచ్‌సీ3లో ముక్కలైంది. రివైండ్‌లో చప్పుడు లేదు. టేపు అంచు బాగుంది. లెన్సులో ఫంగస్ లేదు, ఒక చిన్న దుమ్ము చుక్క ఉంది. బ్యాటరీ ఐదు నిమిషాలు రాలేదు. ఫైర్‌వైర్ ఇంకా చూడలేదు, ల్యాప్‌టాప్ దొరకలేదు.

డ్రమ్ముహెడ్

హెచ్‌సీ3ఈ గైడ్లు జరిగాయి. తను రాసినది శుభ్రంగా ఆడి, వేరే టేపులే ముక్కలు కావడం దానికి గుర్తు. మురికైతే శుభ్రం చేస్తే తగ్గుతుంది. అది సరిచేయాలంటే అలైన్‌మెంట్ టేపూ ఆసిల్లోస్కోపూ కావాలి, స్క్రూ తిప్పి చూసే పని కాదు. వదిలేయండి. ఎఫ్‌ఎక్స్1 టేపు అందులో ముక్కలు కావడం కూడా హెచ్‌సీ3 తప్పే, ఎందుకంటే ఎఫ్‌ఎక్స్1 మిగతా రెండు టేపులూ బాగా చదివింది.

ఎఫ్‌ఎక్స్1ఈ మంచి స్థితిలో ఉంది. బ్యాటరీ గురించి బెంగ వద్దు. అది ఎన్‌పీ-ఎఫ్ రకం, ఇప్పటి ఎల్‌ఈడీ లైట్లకీ మానిటర్లకీ అదే వాడుతున్నారు, ఫొటో సామాన్ల కొట్లో కొత్తది దొరుకుతుంది. కానీ ఫైర్‌వైర్ చూడకుండా డబ్బు ఇవ్వకండి. ఎఫ్‌ఎక్స్1కి హెచ్‌డీఎంఐ లేదు. ఫైర్‌వైర్ పోయిందంటే హెచ్‌డీ బొమ్మకి మిగిలేది కాంపోనెంట్ అనే అనలాగ్ సాకెట్టే.

ఫైర్‌వైర్_భీమవరం

అవునండి, ఫైర్‌వైర్ సాకెట్లు నిశ్శబ్దంగా చచ్చిపోతాయి. కెమెరా అంతా బాగుంటుంది, కంప్యూటర్ మాత్రం దాన్ని గుర్తించదు. ముఖ్య కారణం రెండూ ఆన్‌లో ఉండగా కేబుల్ గుచ్చడం. కంప్యూటర్ వైపు 6 పిన్నుల సాకెట్‌లో కరెంటు కూడా ఉంటుంది, ప్లగ్గుని తిరగేసి బలవంతంగా తోస్తే ఆ కరెంటు డేటా పిన్నుల్లోకి పోతుంది. రెండూ ఆపి, కేబుల్ పెట్టి, ముందు కంప్యూటర్ తర్వాత కెమెరా ఆన్ చేయండి.

కంప్యూటర్: పాత డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు వేసుకోవడం అన్నిటికన్నా తేలిక. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్పు ఉన్న కార్డు అడిగి తీసుకోండి. విండోస్ 10, 11లో కెమెరా కనపడకపోతే డివైజ్ మేనేజర్‌లో 1394 (ఫైర్‌వైర్‌కే ఇంకో పేరు) కంట్రోలర్ డ్రైవర్ని ‘లెగసీ’ అని ఉన్నదానికి మార్చాలి. మ్యాక్ ఉన్నవాళ్లు జాగ్రత్త, 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహోలో ఫైర్‌వైర్ తీసేశారు. లినక్స్‌లో విడిగా డ్రైవర్ అక్కర్లేదు, డీవీగ్రాబ్ అనే ఉచిత ప్రోగ్రామ్ డీవీ, హెచ్‌డీవీ రెండూ దించుతుంది. విండోస్‌లో హెచ్‌డీవీకి హెచ్‌డీవీస్ప్లిట్, డీవీకి విన్‌డీవీ. విన్‌డీవీ హెచ్‌డీవీని తీసుకోదు.

కెమెరా మెనూలో వీసీఆర్ హెచ్‌డీవీ/డీవీ ‘ఆటో’, ఐలింక్ కన్వర్ట్ ‘ఆఫ్’ ఉండాలి. ఈ రెండోది ఆన్‌లో ఉంటే మీ ఆరు హెచ్‌డీవీ టేపులూ మామూలు డీవీగా మారి దిగుతాయి. దించేశాక సైజు చూసి గానీ ఎవరికీ తెలీదు.

కొత్తపడవ

హెచ్‌డీఎంఐ ఉన్న కెమెరా అయితే చవక హెచ్‌డీఎంఐ క్యాప్చర్ డాంగిల్‌తో పని అయిపోతుంది కదండి? ఈ పాత కార్డులూ డ్రైవర్లూ ఎందుకు?

ఫైర్‌వైర్_భీమవరం

రెండింటికీ చాలా తేడా ఉంది. ఫైర్‌వైర్‌లో వచ్చేది టేపు మీద ఉన్న బిట్లే, నకలు. టైమ్‌కోడూ (ఒక్కో ఫ్రేము నంబరు), తీసిన తేదీ సమయమూ కూడా వస్తాయి. 2003 పుష్కరాల టేపులో ఏ రోజు ఏ గంటకి తీశారో దాన్ని బట్టే తెలుస్తుంది. హెచ్‌డీఎంఐలో కెమెరా ఆ బిట్లని విప్పి బొమ్మగా మార్చి పంపితే డాంగిల్ మళ్లీ కుదిస్తుంది. చవక డాంగిళ్లు 1080ఐలోని రెండు ఫీల్డుల్ని కలిపేసో, ఒకటి పారేసో కదలికని పాడు చేస్తాయి. తెర మీది అంకెలు కూడా వీడియోలోకి ఎక్కుతాయి. ఫైర్‌వైర్ చచ్చిపోయిన కెమెరాకి మాత్రమే అది దారి.

కాలవగట్టు

ల్యాప్‌టాప్ దొరికిందండి. కెమెరాని గుర్తించింది, అరగంట డీవీ టేపు ఒక్క ఫ్రేము పోకుండా దిగింది. ఎఫ్‌ఎక్స్1ఈ తీసుకున్నాను. ఇప్పుడు డీవీక్యామ్ ఆరూ పోగా మిగిలిన 37 టేపులకి డిస్కు ఎంత కావాలి, ఏ వరసలో చేయాలి?

ఫైర్‌వైర్_భీమవరం

శుభం. డీవీ గంటకి 13 గిగాబైట్లు, హెచ్‌డీవీ గంటకి 11 పైన. 37 టేపులూ నిండా ఉంటే 480 దాకా అవుతుంది. ఒక టెరాబైట్ డిస్కులు రెండు తీసుకోండి, రెండింటిలోనూ అదే కాపీ, రెండూ వేరే ఇళ్లలో. దిగిన ఫైళ్లని అలాగే ఉంచండి. ఫోన్లలో పంచుకోవడానికి విడిగా చిన్న కాపీ చేసుకోండి. ఆ కాపీలో ఫీల్డుల క్రమం చూసుకోవాలి: డీవీకి కింది ఫీల్డు ముందు, హెచ్‌డీవీకి పై ఫీల్డు ముందు. తారుమారైతే నడిచే మనిషి వణుకుతున్నట్టు కనపడతాడు.

దించేటప్పుడు కంప్యూటర్ నిద్రపోకుండా సెట్ చేయండి, వేరే పని చేయకండి. ఫైర్‌వైర్ వీడియోలో ఒకసారి జారిపోయిన ఫ్రేముని కెమెరా మళ్లీ పంపదు. హెచ్‌డీవీలో ప్రతి షాటు మొదట్లో అర సెకను పోవడం మామూలే.

ఉప్పుగాలి

వరస గురించి నేను చెప్తాను. ముందు 37 క్యాసెట్లనీ, వాటి మీదుండే చిన్న కిటికీలోంచి టార్చి వేసి చూడండి. చుట్ట మీద తెల్లటి పొడో మచ్చలో ఉంటే అది బూజు. ఆ క్యాసెట్‌ని విడిగా సంచిలో పెట్టండి, కెమెరాలో పెట్టొద్దు. ఒక్క బూజు టేపు డ్రమ్ముకి అంటించిందంటే తర్వాత పెట్టే ప్రతి టేపుకీ అంటుతుంది. బూజు టేపుల్ని ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ కొట్టడం చేయకండి, వేడికి టేపు సాగుతుంది. సిలికా జెల్ డబ్బాలో కొన్నాళ్లు ఆరనిచ్చి, శుభ్రం చేసే పని తెలిసినవాళ్లకి ఇవ్వాలి.

బాగున్నవాటిని సిలికా జెల్ డబ్బాలో రెండ్రోజులుంచి, ఒక్కోదాన్నీ పూర్తిగా ముందుకి, పూర్తిగా వెనక్కి ఒకసారి తిప్పి అప్పుడు ఆడించండి. ఏళ్లతరబడి అలాగే ఉన్న చుట్ట వదులై బిగువు సరవుతుంది. విలువైన పుష్కరాల టేపు మొదట పెట్టకండి. నాలుగైదు మామూలువి నడిచాక, హెడ్ శుభ్రంగా ఉందని తేలాక పెట్టండి.

డ్రమ్ముహెడ్

ఎల్‌పీ టేపు ఉందేమో కూడా తెలిసిపోతుంది, అది పెట్టగానే తెర మీద ఎల్‌పీ అని వస్తుంది. ఎల్‌పీలో ట్రాకు ఇంకా సన్నం, తీసిన కెమెరాలోనే సరిగ్గా ఆడుతుంది. ఎఫ్‌ఎక్స్1లో ముక్కలైతే కెమెరాని అనుమానించకండి, ఆ టేపు తీసిన పాత కెమెరా ఎవరింట్లో ఉందో వెతకండి. హెచ్‌డీవీలో ఎల్‌పీ లేదు కాబట్టి ఆ ఆరింటికీ ఈ గొడవ లేదు.

కాలవగట్టు

ఇక ప్రభల తీర్థానికి సెట్టింగులు చెప్పండి కొబ్బరాకు గారూ.

కొబ్బరాకు

ప్రభలు పొలాల్లోంచి, కాలవల్లోంచి తోటకి వస్తాయి. వెనక ఆకాశం, ముందు రంగురంగుల గుడ్డలు. ఆటోలో వదిలితే ఆకాశాన్ని చూసి ప్రభని నల్లగా చేస్తుంది. ఐరిస్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) చేత్తో పెట్టండి, జీబ్రా (వెలుగు మరీ ఎక్కువైన చోట తెర మీద గీతలు చూపేది) 100లో ఉంచి ఆకాశంలో గీతలు కొంచెం వచ్చేదాకా తెరవండి, ప్రభ మీద గీతలు రాకూడదు. షట్టర్ 1/50, గెయిన్ (బొమ్మ వెలుగుని కృత్రిమంగా పెంచేది) 0 డీబీ. వెలుగెక్కువైతే ఐరిస్ మరీ మూయకుండా, వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేయండి. సెన్సారు చిన్నది, ఎఫ్8 దాటితే బొమ్మ మెత్తబడుతుంది. వైట్ బ్యాలెన్స్ తెల్ల పంచె మీద ఎండలో ఒకటి, చెట్ల నీడలో ఒకటి, ఏ, బీ మీటల్లో దాచుకోండి. బొమ్మ సినిమాలా కనపడేలా చేసే సినీఫ్రేమ్ 25 వాడొద్దు, నిలువు వివరం పోతుంది.

ప్రభని కాలవ దాటించేటప్పుడు గబగబా పక్కకి తిప్పకండి. నీళ్లు, ఆకులు, జనం అన్నీ ఒకేసారి కదిలితే 25 మెగాబిట్లు చాలవు. స్టాండు మీద పెట్టి వైడ్‌లో నిలిపి, ప్రభని బొమ్మలో నడవనివ్వండి.

డప్పుల మోతకి ఆడియో మాన్యువల్‌లో పెట్టి, గట్టి దెబ్బకి మీటరు ఎరుపు తాకకుండా తగ్గించండి. ఆటోలో వదిలితే ప్రతి దెబ్బ తర్వాతా సన్నాయి మునిగి తేలుతుంది. బయటి మైకు 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గుతో పెట్టుకోండి. ఎఫ్‌ఎక్స్1కి ఎక్స్‌ఎల్‌ఆర్ (స్టూడియో మైకుల మూడు పిన్నుల సాకెట్) లేదు, అది జెడ్1కి.

టేపులు 60 నిమిషాలవే తీసుకోండి, 80 నిమిషాలవి పల్చన. ఒకే కంపెనీవి ఒకే రకం వాడండి. మొదటి అర నిమిషం లెన్సు మూసి ఖాళీగా రికార్డు చేయండి, మొదటి భాగమే ఎక్కువ నలుగుతుంది.

కాలవగట్టు

రికార్డు మధ్యలో పాజ్‌లో ఉంచితే టేపుకి ఇబ్బందా? ప్రభ ఎప్పుడు కదులుతుందో తెలీదు కదండి.

డ్రమ్ముహెడ్

పాజ్‌లో టేపు కదలదు గానీ డ్రమ్ము నిమిషానికి 9000 చుట్లు తిరుగుతూ అదే చోట రుద్దుతుంది. అందుకే ఐదు నిమిషాల్లోపే కెమెరా తనంతట తను వదిలేస్తుంది. అలా వదిలేశాక మీట నొక్కితే మళ్లీ టేపు చుట్టుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ప్రభ లేచే క్షణం ఆ సెకన్లలోనే పోతుంది. డప్పులు ఊపందుకోగానే పాజ్‌లోకి రండి, మోకులు చేతుల్లోకి తీసుకోగానే రికార్డు నొక్కేయండి. తర్వాత కోసుకోవచ్చు.